నెట్టు వైరు మీద నూలు

నాగప్పకు ఇంటర్నెట్టు అంటే ఏమిటో తెలియదు. దాని ధర ఎక్కువన్న సంగతి మాత్రం చూడకముందే తెలిసింది. ఆయనకు ఏ వస్తువైనా అంతే. ముందు ధర ఎక్కువని తెలుస్తుంది, అదేమిటో ఆ తర్వాత తెలుస్తుంది.

ఇంట్లోకి ఇంటర్నెట్టు కావాలన్నది కోడలు శివలీల. ఆదోని పిల్ల. పెళ్ళికి ముందే కంప్యూటరు నేర్చింది. చీర అంచులకూ కొంగులకూ మగ్గం మీద ఎక్కించే గ్రాఫులు గీస్తుంది. వెనకటికి ఆ గ్రాఫులు గీసేవాళ్ళు గళ్ళ కాగితం మీద కూర్చొని కళ్ళు పోగొట్టుకునేవాళ్ళు. శివలీల కంప్యూటరు ముందు కూర్చొని పోగొట్టుకుంటోంది. బెంగుళూరు చిక్కపేటలో చీరల సేటు ఒకడు పూలో, హంసలో, మామిడి పిందెలో బొమ్మ వేసి మెయిల్లో పంపుతాడు. ఈమె దాన్ని గళ్ళలోకి మార్చి తిరిగి పంపాలి. ఆ పంపడానికి ఇన్నాళ్ళూ ఎమ్మిగనూరు బస్టాండు పక్కనున్న నెట్ సెంటరుకు పోయేది. అక్కడ కుర్చీకీ కుర్చీకీ మధ్య పరదాలు. ఆ పరదాల వెనక కాలేజీ పిల్లలు ఏం చదువుతున్నారో ఊరందరికీ తెలుసు, వాళ్ళ అమ్మానాన్నలకు తప్ప. ఒకనాడు శివలీల హంసలను పంపుతుంటే పక్క పరదాలోంచి వచ్చిన చప్పుళ్ళు విని, హంసలు సగంలో వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఇంక అక్కడికి పోనని చెప్పింది.

ఆమె మొగుడు ఉమామహేశ్వర సరే అన్నాడు. ఉమామహేశ్వర అన్నింటికీ సరే అంటాడు. భార్య మాట్లాడితే భార్య వైపు ఉంటాడు, తండ్రి మాట్లాడితే తండ్రి వైపు ఉంటాడు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే బజారు వైపు పోతాడు.

నెట్టును ఎంచే పని నాగప్ప తన నెత్తిన వేసుకున్నాడు. నూలు బేరం ఆడటంలో ఆ వీధిలో ఆయనకు పేరుంది. మంచి పేరు కాదు, పేరు.

మొదట ఫోనాఫీసుకు పోయాడు. అక్కడి గుమస్తా మర్యాదగానే కూర్చోబెట్టి, వేగం ఇంత, నెలకు ఇంత, ఇన్ని జీబీలు దాటితే ఇంత అని చెప్పాడు. నాగప్ప జీబీ అంటే ఏమిటని అడగలేదు. తమ కోడలు ఒక్కతే వాడుతుందనీ, అదీ పగలేననీ, పండగలకు అస్సలు వాడదనీ, దానికి తగ్గట్టు ధర చెప్పమనీ అడిగాడు. గుమస్తా అట్లాంటి లెక్క లేదన్నాడు. కనీసం కొసరైనా ఏమిస్తారని నాగప్ప అడిగాడు. గుమస్తా నవ్వి, కొసరుకింద ఫోను ఉంటుంది కదా అన్నాడు. ఫోను ఎవరికి చేయాలప్పా, మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు అని నాగప్ప లేచి వచ్చేశాడు.

తర్వాత సోమప్ప సర్కిల్లో కొత్తగా తెరిచిన అంగట్లో, కంప్యూటరుకు గుచ్చితే చాలు నెట్టు వస్తుందనే పుల్ల ఒకటి చూపించారు. అరచేతిలో పెట్టి చూశాడు. అగ్గిపెట్టె అంత లేదు. ఇంత చిన్నదానికి అంత ధర చెప్పినవాడితో ఇక మాట్లాడటం దండగ అనుకొని, ఆ పుల్లను కౌంటరు మీద పెట్టి వచ్చేశాడు.

మూడోవాడు మద్దిలేటి. ఆ వీధికంతా కేబుల్ టీవీ ఇచ్చేది అతనే. టీవీ వైరు పక్కనే ఇప్పుడు నెట్టు వైరు కూడా లాగుతున్నాడు. ఫోనాఫీసు చెప్పిన ధరలో సగం కన్నా తక్కువ చెప్పాడు. పైగా అన్‌లిమిటెడ్ అన్నాడు. అంటే లిమిట్ లేదని అర్థం చెప్పాడు.

"లిమిట్ లేనిది దరిద్రం ఒకటేనప్పా," అన్నాడు నాగప్ప. "నీ నెట్టుకు ఎట్ల లేదు?"

మద్దిలేటి వైరు ముక్క ఒకటి చేతికిచ్చాడు. నాగప్ప దాన్ని నూలు చూసినట్టే చూశాడు. రెండు చేతుల మధ్య లాగాడు, గోటితో గీకాడు, మెలితిప్పి వదిలాడు. వైరు మెలి విప్పుకొని తిన్నగా నిలబడింది. మంచి సరుకే అన్నాడు. లోపల పోయేది ఎట్లాంటిదో ఆయనకు అక్కర్లేదు. నూలు గట్టిదైతే చీర గట్టిది. బేరం ఖాయమైంది. శివలీల వచ్చి, మామా, ఫోనాఫీసుదైతే తెగకుండా వస్తాదంట అని మెల్లగా అన్నది. వైరు నేను లాగి చూసినా, ఇది తెగేది కాదని నాగప్ప చెప్పాడు.

చిక్కల్లా వైరు ఎటు నుంచి రావాలన్న దగ్గర వచ్చింది.

ఆ వీధిలో మిద్దెలన్నీ ఒకదాని వీపుకు ఒకటి ఆనుకొని ఉంటాయి. ఒక మిద్దె మీద తుమ్మితే నాలుగో మిద్దె మీద శుభకార్యం వాయిదా పడుతుంది. మద్దిలేటి డబ్బా ఉన్నది మసీదు సందులో, బుడేన్ సాబు ఇంటి గోడకు. బుడేన్ సాబు మిద్దెకూ నాగప్ప మిద్దెకూ మధ్య ఉన్న మిద్దె ఒక్కటే. అది నాగప్ప అన్న వీరభద్రప్పది. ఆ మిద్దె గోడకు ఒక మేకు కొట్టి వైరు కడితే పని అయిపోతుందని మద్దిలేటి అన్నాడు.

"ఆ ఇంటికి మేకు తగలకూడదు," అన్నాడు నాగప్ప. "ఆ ఇంటి గోడకు నా వైరు ఆనుకోకూడదు."

ఎందుకని మద్దిలేటి అడగలేదు. ఎందుకో వీధిలో అందరికీ తెలుసు.

ఆరేళ్ళ కిందట నాగప్ప భార్య పంపమ్మ పోయింది. దినాల నాడు బంధువులంతా బంతిలో కూర్చొని తింటున్నారు. వీరభద్రప్ప భార్య సుబ్బక్క పాయసం ఒక గుటక వేసి, దొన్నె పక్కన పెట్టి, బంతి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడేట్టు ఒక మాట అన్నది. "బతికినన్నాళ్ళూ ఈ ఇంట్లో దానికి బెల్లం తక్కువే. సచ్చినాక దాని పేరు మీద కాసిన పాయసంలోనూ తక్కువే." నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళు పాయసం మళ్ళీ రుచి చూశారు. నాగప్పను మండించింది ఈ రెండోవాళ్ళే.

ఆ పొద్దు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. మాటల్లేవంటే ఊరికే మూతి ముడుచుకోవడం కాదు. దానికి పద్ధతులున్నాయి. అవతలి ఇంటి పేరు ఇవతలి ఇంట్లో పలకకూడదు. పెళ్ళిపిలుపు వస్తే అరుగు మీద పెట్టి పోవాలి. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే మనిషితో చెప్పకూడదు. గోడతోనో, గొడ్డుతోనో, కాకితోనో చెప్పాలి, అవతలివాళ్ళు విని కాకికి జవాబివ్వాలి. ఇవి కాక నాగప్ప సొంతంగా ఇంకొకటి పెట్టుకున్నాడు. మిద్దె ఎక్కినప్పుడు అన్న మిద్దె వైపు మొహం తిప్పడు. మిరపకాయలు ఎండబోసినా, వడియాలు తిరగేసినా ఆ వైపుకు వీపు పెట్టే చేస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళకు కూడా అదే కట్టడి. అట్లా ఆరేళ్ళు వీపు చూపించాడు.

సరే, మద్దిలేటి నాగప్ప మిద్దె మీద ఒక గడ నాటాడు, బుడేన్ సాబు మిద్దె మీద ఒక గడ నాటాడు. మధ్యలో ఏ ఆసరా లేకుండా వైరును ఆ గడ నుంచి ఈ గడకు గాలిలో లాగాడు. మధ్యలో కాస్త వేలాడింది. అది సుబ్బక్క నెత్తికి జానెడు పైన ఉన్నదని మద్దిలేటికి తెలుసు. నాగప్పకు తెలియదు, ఆయన వీపు అటుంది. గాలి ఎవడబ్బ సొత్తూ కాదని చెప్పి కిందికి దిగాడు.

నెట్టు వచ్చింది. హంసలు, పూలు, మామిడి పిందెలు చిక్కపేటకు పోయాయి. నాగప్ప వారంపాటు వీధిలో కనబడ్డ ప్రతివాడికీ ఫోనాఫీసు ధర ఒకసారి, తన ధర ఒకసారి చెప్పాడు.

ఆ తర్వాత నెట్టు పోవడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి పోతుంది. సాయంత్రానికి దానంతటదే వస్తుంది. మద్దిలేటిని పిలిస్తే తను వచ్చేసరికి బాగుంటుంది. కంప్యూటరు చెడిందేమో చూడమని శివలీలకు చెప్పి పోతాడు. శివలీల మిద్దె మీదికి పోయి చూసి వచ్చింది. చూసిందేమిటో ఆమెకు అర్థమైంది. దాన్ని చెప్పాలంటే పలకకూడని పేరు పలకాలి. వైరు మీద ఏదో బరువు పడతాండాది మామా అని మాత్రం అన్నది.

"కాకులు," అన్నాడు నాగప్ప.

"కాకులు ఎర్రగా ఉండవు మామా."

"ఎమ్మిగనూరు కాకులు ఎట్లన్నా ఉంటాయి," అని నాగప్ప మగ్గం గుంతలోకి దిగిపోయాడు. ధర తక్కువన్న మాట వీధంతా చెప్పుకున్నాక వస్తువు పాడైందని ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు.

ఇట్లా ఉండగా చిక్కపేట సేటు ఒక మాటన్నాడు. ఏడాది పొడుగునా తన అంగడి గ్రాఫులన్నీ ఒకే చేతికి ఇవ్వాలని ఉందన్నాడు. శివలీలకు ఒకటి, సేలంలో ఇంకొకరికి ఒకటి, ఒకే కొంగు బొమ్మ ఇద్దరికీ పంపుతాననీ, శుక్రవారం పొద్దుగుంకే లోపల గ్రాఫు ఎవరిది బాగా వస్తే పని వాళ్ళదేననీ చెప్పాడు. శివలీల ఆ నాలుగు రోజులూ కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. నెమలి తోకలో ఒక్కొక్క కన్నూ ఒక్కొక్క గడీ చూసుకుంటూ వేసింది. ఆ పని దొరికితే ఈ ఇంట్లో తన మాటకు విలువ ఉంటుందని ఆమె ఎవరితోనూ అనలేదు. ఆమె నిద్ర మానుకోవడం చూసి నాగప్పకు ఆ సంగతి తెలిసింది. పని పోతే తప్పు ఎవరి నెత్తిన పడుతుందో కూడా తెలిసింది.

శుక్రవారం నాడు బంద్. ఎవరు దేనికి పిలిచారో ఎవరికీ సరిగా తెలియదు. అంగళ్ళు మూసేశారు, బస్సులు నిలిచిపోయాయి, నెట్ సెంటరు షట్టరుకు తాళం. ఉమామహేశ్వర ముందురోజే నూలు కోసమని ఆదోనికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. అతను ఇంట్లో ఉన్నా సరే అనడం తప్ప చేసేదేమీ లేదు.

మధ్యాహ్నం నెమలి పూర్తయింది. శివలీల మెయిల్ తెరిచింది. నెట్టు లేదు.

ఆమె ఏడవలేదు. అరవలేదు. మద్దిలేటికి ఫోన్ చేసింది. మద్దిలేటి తన డబ్బా దగ్గర అంతా బాగుందనీ, వైరు మీద బరువు పడి గడ దగ్గర అతుకు వదులై ఉంటుందనీ, బరువు తీసేస్తే అదే కూర్చుంటుందనీ, బంద్‌లో బండి బయటికి తీస్తే టైర్లు కోస్తారు కాబట్టి తాను రాననీ చెప్పాడు. ఆమె ఫోన్ పెట్టి మగ్గం దగ్గరికి వచ్చి నిలబడింది. నాగప్ప పోగుల మధ్య అటూ ఇటూ ఆడిస్తున్న నాడె ఆపలేదు.

"మామా, నేను ఆ మిద్దె మీదికి పోతాండా. ఆ పెద్దత్తను అడుగుతా."

నాడె ఆగింది. ఆ ఇంట్లో ఆరేళ్ళ తర్వాత ఆ ఇంటి మనిషిని ఒకరు వరస పెట్టి పిలిచారు. నాగప్ప కోడలి మొహం చూశాడు. నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొమ్మంటే కట్టడి పోతుంది. వద్దంటే సేటు పని పోతుంది. మూడో దారి ఒకటే ఉంది. అది ఆయనకు నచ్చలేదు.

"నువ్వు ఈడనే ఉండు," అని గుంతలోంచి లేచాడు.

మిద్దె ఎక్కి, గడ దగ్గర నిలబడి, ఆరేళ్ళ తర్వాత అన్న మిద్దె వైపు తిరిగాడు. ఆయన నెలనెలా దుడ్లు కట్టే ఇంటర్నెట్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చుట్టలు కట్టిన నూలు చిలపలు వేలాడుతున్నాయి. నీలిరంగువి. అప్పుడే రంగు తొట్టిలోంచి తీసినవి. ఒక్కొక్క చిలపా గేదె పొదుగులా బరువుగా ఉంది. ప్రతిదాని కొన నుంచి నీలి నీళ్ళు ధారకట్టి మిద్దె మీద మడుగయ్యాయి. వైరు మధ్యలో కుంగి విల్లులా వంగింది. దాని కింద సుబ్బక్క, కొంగు నడుముకు దోపుకొని, మోచేతుల దాకా నీలంగా, ఇంకో చిలపను ఎత్తుతోంది. ముసలిదయింది. జుట్టంతా నెరిసింది. ఆ సంగతి కూడా ఆయనకు తెలియదు.

నాగప్ప పిట్టగోడ దగ్గరికి నడిచి గొంతు సవరించుకున్నాడు. సుబ్బక్క తలెత్తి చూసి, మళ్ళీ దించింది.

"ఏమే పిట్టగోడా," అన్నాడు నాగప్ప. "మనుషులకు కండ్లు ఉండాయా, ల్యావా? ఒకరు దుడ్లు కట్టి ఏయించుకున్న వైరు మీద ఇంకొకరు నూలు ఆరేసేది నేను పుట్టినాక చూడలేదు."

సుబ్బక్క చేతిలోని చిలపను విదిలించింది. నీలి చుక్కలు పిట్టగోడ దాకా వచ్చాయి.

"వింటివా చిలపా," అన్నది. "నా మిద్దె మీద, నా నెత్తి మీద, నన్ను అడక్కుండా తీగ కట్టినోళ్ళు మాట్లాడతాండారు. దండేనికి బాగుండాది, ఎవురో పుణ్యాత్ములు కట్టినారు అనుకుంటి."

"ఆ తీగ గాల్లో ఉండాదని చెప్పు పిట్టగోడా."

"నేనూ గాల్లోనే ఆరేస్తినని చెప్పు చిలపా."

ఆరేళ్ళలో ఆమె నోరు ఏమాత్రం మొద్దుబారలేదు. నాగప్ప దారి మార్చాడు.

"అయినా పిట్టగోడా, నూలును పిండి ఆరేస్తారు గానీ నీళ్ళతో ఆరేస్తారా? ఎన్నేండ్లాయ రంగులేయబట్టి? సిగ్గుండల్ల."

సుబ్బక్క చిలపను కిందికి దించింది. దానివైపే చూస్తూ మాట్లాడింది గానీ గొంతు కాస్త తగ్గింది.

"పిండేదానికి ఇద్దురు కావల్ల చిలపా. ఆయప్ప కుడి భుజం పడిపోయి ఏడాది దాటె. చెయ్యి పైకి రాదు. నేనొక్కదాన్ని రెండు కొనలూ యాడ పట్టుకుందు?"

అన్న భుజం పడిపోయిందన్న మాట నాగప్పకు కొత్త. గోడకు అవతల ఏడాదిగా ఒక మనిషి చెయ్యి లేవకుండా పడి ఉన్నాడు. మగ్గం చప్పుడు రాకపోతే ఇంకోచోట మరమగ్గాలు పెట్టారేమో, దుడ్లు ఎక్కువయ్యాయేమో అని ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకుంటున్నాడు.

"నాకు ఒకరు చెప్పినారా?" అని గోడను అడిగాడు.

"మాటల్లేనోళ్ళకు ఎవురు చెప్తారు చిలపా?"

కింది నుంచి శివలీల గొంతు వినబడింది. సేలం వాళ్ళది పొద్దున్నే వచ్చేసిందనీ, సేటు ఫోన్ చేసి అడుగుతున్నాడనీ చెప్పింది. పొద్దు అప్పటికే మసీదు మినారు పక్కకు వచ్చింది.

నాగప్ప పంచె ఎగగట్టి పిట్టగోడ దాటాడు. అటు కాలు పెట్టాక ఏం చేయాలో ఆయన అనుకొని రాలేదు. దగ్గర్లో ఉన్న చిలపను వైరు మీది నుంచి లాగాడు. లాగి కింద పారేయాలన్నది ఉద్దేశం. నలభై ఏళ్ళు నూలుతో బతికినవాడు తడి నూలును నేలమీద పారేయలేడు, చెయ్యి రాదు. రెండు చేతులతో ఒక కొన పట్టుకొని నిలబడ్డాడు. సుబ్బక్క ఒక్క క్షణం చూసింది. గోడకు ఆనించిన పిండుడు కర్రలు రెండు తీసి, ఒకటి ఆయన వైపు కొనలో దూర్చింది, రెండోది తన వైపు కొనలో దూర్చుకొని వెనక్కి అడుగు వేసి బిగబట్టింది.

ఆయన కర్రను కుడికి తిప్పాడు. ఆమె ఎడమకు తిప్పింది. చిలప తాడులా మెలిపడి, నీలి నీళ్ళన్నీ ఒక్కసారిగా బుస్సుమని దిగిపోయాయి.

ఆ చిలప, ఎప్పుడో విరిగి మూలన మిగిలిన సుబ్బక్క పాత దండెం ముక్క మీదికి పోయింది. రెండోది దిగింది.

"బెల్లం సరిపోయింది," అన్నాడు నాగప్ప. గోడకు చెప్పలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

"లేదు," అన్నది సుబ్బక్క.

"నా చేత్తో కొట్టి ఏసినా."

"నీ చెయ్యి సంగతి నాకు తెలీదా? ఆ దేగిసాడు పాయసానికి నువ్వేసిన బెల్లం చీమలకు గూడా చాలదు."

"నీ నాలుకకు తీపి యాడ తెలుస్తాది? నోట్లో విషం పెట్టుకొని పాయసం తాగితే అట్లనే ఉంటాది."

మూడో చిలప. ఆయన కుడికి, ఆమె ఎడమకు. నీళ్ళు ఆయన పంచె మీదా, ఆమె చీర మీదా పడుతున్నాయి. బుడేన్ సాబు ఇంట్లో ఆడవాళ్ళు మిద్దె ఎక్కి చూస్తున్నారు. బంద్ నాడు వాళ్ళకూ వేరే పనేముంది.

"పంపమ్మ మా బెల్లం తీసుకుపోయేది," అన్నది సుబ్బక్క. "ఈ పిట్టగోడ కాడనే నిలబడేది. అక్కా, రోంత బెల్లం ఈయక్కా, ఆయప్ప డబ్బాలో గుర్తు పెట్టుకోని పోయినాడు అనేది. ఒక తూరి గాదు, రెండు తూర్లు గాదు. ఆ పొద్దు పాయసం నోట్లో పెట్టుకుంటానే అది గుర్తొచ్చె. అందుకని అంటి."

నాగప్ప చేతిలో కర్ర ఆగింది. బెల్లం డబ్బాలో గుర్తు పెట్టి పోవడం నిజమే. బెల్లం ఆ గుర్తుకు ఎన్నడూ తగ్గేది కాదు. తన భార్య ఒద్దికైనదని ఆయన పదిమందిలో చెప్పుకునేవాడు.

సుబ్బక్క చూస్తూ నిలబడింది. ఆమె ఏ మాట కోసం చూస్తున్నదో ఆయనకు తెలుసు. ఆ మాట ఆయన దగ్గర లేదు.

"అడిగితే ఈయల్ల," అన్నాడు. "ఇచ్చినోళ్ళు నోరు మూసుకొని ఉండల్ల. బంతిలో పెట్టి చెప్తారా?"

"చెప్పినా. మల్ల అదే బంతి జరిగితే మల్ల చెప్తా."

"నీకు మల్ల బంతి యాడిది. నాది జరిగినప్పుడు వచ్చి చెప్పుకో."

"చెప్తాలే. నీ దానికి గూడా బెల్లం తక్కువే ఏస్తారు. నువ్వు పెంచిన కొడుకే గదా."

నాగప్ప పళ్ళు బిగించి కర్రను ఇంకో చుట్టు తిప్పాడు, మరో చుట్టు తిప్పాడు. నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఇంకా తిప్పుతున్నాడు.

"ఇంగ సాలు," అన్నది సుబ్బక్క. "పోగులు తెగుతాయి."

ఆయన వదిలాడు. చివరి చిలప దిగేసరికి వైరు తేలికై, ఒక్కసారి ఊగి, పైకి లేచి నిలబడింది. ఇద్దరూ దాన్నే చూశారు. కింది నుంచి ఏ మాటా రాలేదు. కాసేపటికి శివలీల మెట్ల మీద సగం దాకా వచ్చి, పోయింది మామా, నెమలి సేటుకు పోయింది అని చెప్పి, వాళ్ళిద్దరి నీలి చేతులు చూసి, మళ్ళీ దిగిపోయింది.

నాగప్ప పిట్టగోడ దాటి ఇవతలికి వచ్చాడు. వచ్చాక వీపు అటు తిప్పాడు.

ఏడాది పని శివలీలకే వచ్చింది. సేలం నెమలి కాళ్ళు బాతు కాళ్ళలా ఉన్నాయన్నాడట సేటు. మొదటి నెల సొమ్ము చేతికి రాగానే శివలీల ఫోనాఫీసుకు తనే పోయింది. వచ్చి, ఫోనాఫీసు నెట్టు పెట్టిస్తాండా మామా అన్నది. అడగలేదు, చెప్పింది. ధర ఎక్కువ అన్నాడు నాగప్ప. అవును మామా, ఎక్కువే అన్నది ఆమె. ఆ మాటతో బేరం ముగిసింది. ఉమామహేశ్వర సరే అన్నాడు.

కొత్త నెట్టు వచ్చింది. తెగకుండా వస్తోంది. ఇంట్లో ఎవరూ మిద్దె ఎక్కాల్సిన పని లేకుండా పోయింది. నెలాఖరుకు మద్దిలేటి తన వైరు చుట్టుకొని పోవడానికి వచ్చాడు. మిద్దె మీద నాగప్ప మిరపకాయలు ఎండబోస్తున్నాడు. అవతల వైరు నిండా పచ్చరంగు చిలపలు వేలాడుతున్నాయి, పిండినవి. మద్దిలేటి వాటిని చూశాడు, నాగప్పను చూశాడు. నాగప్ప పంచె అంచున నీలి మరకలు, వాటి మీద పసుపు మరకలు, వాటి మీద ఇంకా ఆరని పచ్చ మరకలు. అప్పటికి వారానికోసారి నూలు రంగు వేసేనాడు, తిట్టడానికని ఆయన పిట్టగోడ దాటుతూనే ఉన్నాడు. నెట్టు తెగుతోందని తిట్టేవాడు.

"వైరు ఉండనీప్పా," అన్నాడు నాగప్ప.

"యాలన్నా? నీ కోడలు ఫోనాఫీసుది పెట్టిచ్చిందంట గదా."

"అది పోతే ఇది ఉండల్ల. నెట్టు వద్దు, ఉత్త వైరుకు నెలకెంత?"

మద్దిలేటి ఇంతకాలం కేబుల్ వ్యాపారంలో ఎందరినో చూశాడు. సినిమా చానలు వద్దు, ధర తగ్గించమన్నవాళ్ళను చూశాడు. లోపల ఏమీ రాని వైరుకు బేరం ఆడినవాణ్ణి చూడలేదు. ఉత్త వైరుకు రేటు లేదన్నా, తీసుకుంటే నెట్టుతోనే తీసుకోవల్ల అన్నాడు. నాగప్ప చాలాసేపు మిరపకాయలు తిరగేశాడు. తర్వాత రొంటిన దోపుకున్న డబ్బు తీసి, లెక్కపెట్టకుండా ఇచ్చాడు. మద్దిలేటి లెక్కపెట్టుకొని, కిందికి దిగి, దారిలో ఎదురైన ఇద్దరు ముగ్గురికి ఈ సంగతి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

నాగప్ప సుబ్బక్కను క్షమించాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ ఇష్టం. ఆయన క్షమించలేదు, ఆమె అడగనూ లేదు. పాయసంలో బెల్లం సరిపోయిందని ఆయన, సరిపోలేదని ఆమె, వారం వారం కర్రలు తిప్పుకుంటూ అదే మాట. వీరభద్రప్ప కింద మంచం మీద పడుకొని విని, అప్పుడప్పుడు దగ్గుతాడు. అది నవ్వో దగ్గో తేల్చడానికి ఎవరూ పోలేదు.

మద్దిలేటి పోయాక సుబ్బక్క మిద్దె ఎక్కింది. ఆరిన చిలపలను ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటూ, వాటితో మాట్లాడింది.

"రేపు ఎర్ర రంగు చిలపా. అది పడితే పోదు. మంచి పంచె కట్టుకొని వచ్చినోళ్ళు తర్వాత నన్ను అనగూడదు."

మరునాడు పొద్దున నాగప్ప పెట్టె తెరిచి, అడుగున ఉన్న చిరుగుల పంచె తీసి కట్టుకొని మెట్ల దగ్గరికి వచ్చాడు. కంప్యూటరు ముందు కూర్చొని నిశ్చింతగా పని చేసుకుంటున్న శివలీల తల తిప్పి, యాడికి మామా అని అడిగింది.

"నెట్టు చూసొస్తా," అని ఆయన మిద్దె ఎక్కాడు.